మ్యాచ్‌కి ముందు ఫుట్‌బాల్ గ్రౌండ్ ఎలా సిద్ధం చేసుకోవాలి, దాన్ని బట్టి ఆట ఎలా మారుతుంది

మన దగ్గర స్కూలు పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్తే కోచ్‌ల నోట ఎక్కువగా వినిపించేది "టచ్ బాగాలేదు, బంతి కాలి దగ్గర ఆగడం లేదు" అనే మాటే. ఆ మాట అనే ముందు ఆ గ్రౌండ్‌లో బంతిని ఒక్కసారి నేల మీద నెమ్మదిగా దొర్లించి చూడమంటాను. చాలా చోట్ల పది గజాలు పోయేలోపే రెండుసార్లు ఎగిరి, ఏ రాయికో గుంటకో తగిలి పక్కకి తిరుగుతుంది. అలాంటి నేల మీద ఆడేవాడు బంతి కాలి దగ్గరికి వచ్చేదాకా దాన్నే చూస్తూ ఉండాలి, తల ఎత్తి మనవాళ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసుకునే వీలే దొరకదు, అందుకే వచ్చిన బంతిని వచ్చినట్టు గాల్లోకి లేపి కొట్టేస్తాడు. వాణ్ని తిట్టి లాభం లేదు. ముందు నేల సంగతి చూడాలి.

నేను చెప్పబోయేది స్ప్రింక్లర్లు ఉన్న పెద్ద స్టేడియంల గురించి కాదు. మట్టి నేల, అక్కడక్కడా గరిక, ఓ మూలన వాలీబాల్ స్తంభాలు, మధ్యలో సిమెంట్ క్రికెట్ పిచ్ ఉండే హైస్కూల్ గ్రౌండ్, కాలేజీ గ్రౌండ్ గురించి. పది పదిహేను రోజుల టైమ్, ఒక ట్రాక్టర్, రెండు మూడు నీళ్ల ట్యాంకర్లు, సాయానికి పదిమంది కుర్రాళ్లు ఉంటే చాలావరకు పని అవుతుంది.

ముందు కొలతలు తేల్చుకోండి

స్థలం ఎంత ఉంటే అంతా గీతలు గీసేయకండి. నిబంధనల ప్రకారం పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 మీటర్ల మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చు, వెడల్పు కంటే పొడవు ఎక్కువ ఉండాలి, అంతే. అంతర్జాతీయ మ్యాచ్‌లకైతే పొడవు 100-110, వెడల్పు 64-75. టీవీలో మీరు చూసే పెద్ద గ్రౌండ్లు ఎక్కువగా 105 పొడవు, 68 వెడల్పు.

ఈ నాలుగైదు మీటర్లతో ఏమవుతుందిలే అనుకోవద్దు. 1987 సెప్టెంబర్‌లో ఐరోపా క్లబ్బుల పోటీ యూరోపియన్ కప్‌లో స్కాట్లాండ్ క్లబ్ గ్లాస్గో రేంజర్స్ సొంత గ్రౌండ్ ఐబ్రాక్స్‌లో డైనమో కీవ్‌తో ఆడాల్సి వచ్చింది. మొదటి మ్యాచ్ కీవ్‌లో 0-1తో ఓడిపోయి ఉన్నారు, అవతలివాళ్లకి అంచుల వెంట దూసుకుపోయే వింగర్లు ఉన్నారు. రేంజర్స్ మేనేజర్ గ్రేమ్ సూనెస్ పక్క గీతలని నిబంధనలు ఒప్పుకున్నంత లోపలికి జరిపించాడు. వింగర్లకి పరుగెత్తడానికి చోటు తగ్గిపోయింది, రేంజర్స్ 2-0తో గెలిచి ముందుకెళ్లింది. 2008లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కి వచ్చిన స్టోక్ సిటీ క్లబ్‌దీ ఇలాంటి కథే. వాళ్ల దగ్గర రోరీ డెలాప్ ఉన్నాడు, అతను చేత్తో విసిరిన త్రో-ఇన్ కార్నర్ కిక్‌లా గోల్ ముందు పడేది. గ్రౌండ్ వెడల్పు తక్కువగా పెట్టుకుంటే ఆ త్రో ఇంకా లోపలికి చేరుతుంది, వాళ్లు అదే చేశారు.

మీ దగ్గర జరిగేది పిల్లల టోర్నమెంట్ అయితే ఇలాంటి ఎత్తుగడల కోసం కొలతలు మార్చొద్దు, కానీ కొలత ఆటని ఎటు తీసుకెళ్తుందో తెలిసి పెట్టండి. వెడల్పు బాగా ఉంటే పాస్‌లు ఇచ్చుకునేవాళ్లకి, వేగంగా పరుగెత్తేవాళ్లకి లాభం, కానీ ఎండలో నిలవలేక రెండో సగంలో కాళ్లు లాగేస్తాయి. ఇరుకైతే గుంపు ఆట, లాంగ్ బాల్స్, ఒకరి మీద ఒకరు పడటం ఎక్కువ. కాలేజీ స్థాయికి 100 పొడవు, 64 వెడల్పు బాగుంటుంది, స్థలం చాలకపోతే 95కి 60. హైస్కూల్ చిన్న పిల్లలకి పెద్దవాళ్ల గ్రౌండ్ పెట్టి వాళ్ల ప్రాణం తీయకండి, నిబంధనలే పిల్లలకి గ్రౌండ్, గోల్ రెండూ తగ్గించుకోవచ్చని చెబుతున్నాయి.

గీత బయట చుట్టూ కనీసం మూడు మీటర్లు ఖాళీ వదలండి. గోడ, చెట్టు, మురికి కాల్వ, ఇనుప కంచె ఏదీ ఆ మూడు మీటర్లలో ఉండకూడదు. వీలైతే గోల్స్ ఉత్తరం, దక్షిణం వైపు ఉండేలా పెట్టుకోండి, లేకపోతే సాయంత్రం నాలుగున్నర మ్యాచ్‌లో ఒక గోల్‌కీపర్ మొత్తం ఎండకి ఎదురుగా కళ్లు చికిలిస్తూ నిలబడాలి.

ఇక మధ్యలో ఉండే సిమెంట్ క్రికెట్ పిచ్. మన గ్రౌండ్లలో ఇది పెద్ద తలనొప్పి. ఫుట్‌బాల్ గ్రౌండ్‌ని కాస్త పక్కకి జరిపితే అది బయటపడుతుందేమో ముందు చూడండి, కొన్నిసార్లు పది మీటర్లు జరిపితే చాలు. కుదరకపోతే దాని అంచుల చుట్టూ మట్టి నింపి దిమ్మిసతో కొట్టి సిమెంట్‌తో సమానంగా తేండి, అంచు ఒక్క అంగుళం పైకి ఉన్నా చీలమండ పోతుంది. దాని మీద పల్చగా మట్టి చల్లి కప్పేశాం అనుకోవద్దు, సిమెంట్ మీద పల్చటి మట్టి అంటే కాలు జారడానికే. మ్యాట్ వేసి ఆడే చోటైతే మేకులు తప్పకుండా వెతకండి. మ్యాట్ తీసేసినా ఒకటో రెండో నేలలోనే ఉండిపోతాయి, తల మాత్రం పైకి తేలి ఉంటుంది.

నేల మీద నడవండి

ఇది మొదటి రోజే చేయాలి. పదిమంది చేతులు చాచినంత దూరంలో వరుసగా నిలబడి ఒక గోల్ నుంచి రెండో గోల్ దాకా నెమ్మదిగా నడవాలి, చేతిలో తలా ఒక బకెట్. రాళ్లు, గాజు పెంకులు, తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు, దొరికినవన్నీ ఏరండి. పల్లేరుని కాయ ఏరితే సరిపోదు, తీగతో సహా పీకి గ్రౌండ్ బయట కాల్చేయాలి, అక్కడే వదిలేస్తే వచ్చే వానకి మళ్లీ మొలుస్తుంది. మన పిల్లల్లో చాలామంది ఇప్పటికీ ఉత్త కాళ్లతోనే ఆడతారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో ఆడి 1-2తో ఓడారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 1-10 తిన్నాకే బూట్లు తప్పనిసరి అయ్యాయి. బూట్లు కొనలేని పిల్లాడు మీ గ్రౌండ్‌కి వస్తాడన్న ఆలోచనతోనే ఏరండి.

రెండోసారి నడక సాయంత్రం నీరెండలో పెట్టుకోండి. మిట్టమధ్యాహ్నం చదునుగా కనిపించిన గ్రౌండే ఏటవాలు ఎండలో చూస్తే గుంటలన్నీ నీడ పట్టి బయటపడతాయి. కనిపించిన ప్రతి చోటా ముగ్గు చిటికెడు వేసి గుర్తు పెట్టుకోండి. సభలకి, పెళ్లిళ్లకి షామియానాలు వేసిన గ్రౌండ్ అయితే గుంజల గుంతలు వరుసగా దొరుకుతాయి. వాటిలో మట్టి ఒకేసారి కుమ్మరించి పైన కాలితో తొక్కేస్తే మొదటి వానకే కుంగిపోతుంది. నాలుగు వేళ్ల మందం మట్టి, కాస్త నీళ్లు, దిమ్మిస దెబ్బలు, మళ్లీ నాలుగు వేళ్ల మందం, ఇలా పొరలు పొరలుగా నింపాలి.

మీది ఏ నేల?

ఎర్ర నేల అయితే అదృష్టవంతులు. నీళ్లు త్వరగా ఇంకుతాయి, వాన వెలిసిన కొన్ని గంటలకే ఆడుకోవచ్చు. ఎండాకాలం మాత్రం రాయిలా గట్టిపడుతుంది, దుమ్ము లేస్తుంది.

నల్లరేగడి అయితే కష్టమే, దాచి లాభం లేదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, ఆ బీటల్లో కాలి వేళ్లు పట్టేంత సందు ఉంటుంది. చిన్న వాన పడితే ఒక్కో బూటుకి అంటుకున్న మట్టితో పిల్లలు కాళ్లు లేపలేరు, డ్రిబ్లింగ్ మాట దేవుడెరుగు. పైన ఇసుక కలిసిన ఎర్రమట్టి పది సెంటీమీటర్లు పోస్తే నేల స్వభావమే మారిపోతుంది, కానీ లెక్క చూసుకోండి: 90కి 60 గ్రౌండ్ అంటే 5400 చదరపు మీటర్లు, పది సెంటీమీటర్లకి 540 ఘనపు మీటర్ల మట్టి, వంద ఘనపు అడుగుల ట్రాలీతో దాదాపు 190 ట్రాలీలు. అంత డబ్బు లేకపోతే రెండు గోల్స్ ముందు, మధ్య వలయంలో పోయించి, మిగతా చోట బీటల్లో ఇసుక నింపుకోండి.

రెండు హెచ్చరికలు. చెరువు పూడిక మట్టి ఊరికే వస్తుందని గ్రౌండ్ మీద పోయించొద్దు, పొలానికి అది బంగారమే కానీ ఆట నేల మీద తడిస్తే జిగురు, ఎండితే పెంకులు. రోడ్లకి వేసే మొరం కూడా అలాగే నేరుగా వేయకండి, అందులోని పదును రాళ్లకి గోల్‌కీపర్ మోకాళ్లు, మోచేతులు చీరుకుపోతాయి. మొరమే గతి అయితే జల్లెడ పట్టించి సన్నది మాత్రమే వాడండి.

వాలు ఎంత ఉండాలి

పూర్తిగా చదునుగా ఉంటే నీళ్లు నిలుస్తాయి. మధ్య నుంచి పక్క గీతల వైపు వంద మీటర్లకి ఒక మీటరు లెక్కన వాలు ఉంటే చాలు, అంటే 64 మీటర్ల వెడల్పు గ్రౌండ్‌లో మధ్యలో కంటే అంచున 32 సెంటీమీటర్లు దిగువ. ఆడేవాడికి ఇది తెలియదు, నీళ్లకి తెలుస్తుంది. చూసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు, మేస్త్రీల దగ్గర ఉండే లెవెల్ పైపు, నాలుగు కర్రలు, పురికొస చాలు. కింద గట్టిపడిన నేలని ట్రాక్టర్ కల్టివేటర్‌తో పైపైన రేపి, గుంటకతో గానీ బరువైన దుంగని అడ్డంగా కట్టి లాగి గానీ సర్దండి. ఈ పని మ్యాచ్‌కి కనీసం పది రోజుల ముందు అయిపోవాలి, రేపిన మట్టి కూర్చోవడానికి అంత టైమ్ పడుతుంది.

ఒక గోల్ వైపు నుంచి రెండో గోల్ వైపుకి గ్రౌండ్ మొత్తం వాలిపోయి ఉంటే ఆట చెడుతుంది. దిగువకి కొట్టే జట్టు కొట్టిన లాంగ్ పాస్‌లన్నీ గీత దాటిపోతాయి, ఎగువకి ఆడేవాళ్ల పాస్‌లు సగంలో ఆగిపోతాయి.

గడ్డి

మన గరిక చాలు. పెద్ద స్టేడియంలలో వేసే బెర్ముడా గడ్డి ఈ జాతిదే. ఎండ తట్టుకుంటుంది, తొక్కినా చావదు, కణుపు నేలకి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. తొలకరి వానలకి కణుపులు ఉన్న ముక్కలు జానెడు దూరంలో నాటిస్తే రెండు మూడు నెలల్లో కమ్ముకుంటుంది. చెట్టు నీడలో మాత్రం రాదు. తుంగ కనిపిస్తే గడ్డతో సహా తవ్వి తీయాలి, పైన కోస్తే మళ్లీ వస్తుంది.

ఎత్తు సంగతికి వస్తే, ఐరోపాలో పెద్ద పోటీలకి రెండున్నర, మూడు సెంటీమీటర్లకి కోస్తారు. గడ్డి పొట్టిగా ఉంటే బంతి వేగంగా పరుగెడుతుంది, కింద పాస్‌లు బాగా సాగుతాయి. ఐదారు సెంటీమీటర్లు పెరగనిస్తే అదే పాస్ పది మీటర్లకే నీరసించి ఆగిపోతుంది, వెనక కాచుకుని కూర్చునే జట్టుకి పండగే. మనకి రోజూ నీళ్లు పెట్టే వీలుండదు కాబట్టి మూడు నాలుగు సెంటీమీటర్ల మధ్య ఉంచుకోండి. మ్యాచ్‌కి ఒకటి రెండు రోజుల ముందు కోయించండి, ఒకేసారి మూడో వంతు కంటే ఎక్కువ కోయొద్దు, మొదళ్లు బయటపడి ఎండకి మాడిపోతాయి. కోసిన గడ్డి ఊడ్చేయాలి. కుప్పలు అక్కడే ఉంటే బంతి వాటిలో చిక్కుకుంటుంది, తడిస్తే కాలూ జారుతుంది.

నీళ్లు, రోలర్

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. బంతి ఎంత ఎగురుతుంది, ఎంత దొర్లుతుంది అనేది ఎక్కువగా ఇక్కడే తేలిపోతుంది.

ముందు నేల ఎంత గట్టిగా ఉందో చూసుకోండి. సరిగ్గా గాలి కొట్టిన మ్యాచ్ బంతి తీసుకుని, గోల్‌పోస్ట్ మీద రెండు మీటర్ల ఎత్తున సుద్దతో గీత గీసి, బంతి అడుగు ఆ గీత దగ్గర పెట్టి ఊరికే వదలండి, నెట్టకూడదు. వెనక టేపు వేలాడదీసి ఒకరు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే మొదటి ఎగురు ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. కృత్రిమ గడ్డి గ్రౌండ్లకి ఫిఫా పెట్టిన పరీక్షలో ఈ ఎగురు 60 సెంటీమీటర్ల నుంచి మీటరు లోపు ఉండాలి, మట్టి నేలకి కూడా అదే గీటురాయిగా పెట్టుకోవచ్చు. గట్టి కాంక్రీటు మీద దాదాపు 1.35 మీటర్లు ఎగురుతుంది. మీ గ్రౌండ్‌లో మీటరు దాటుతోందంటే ఆట మొత్తం గాల్లోనే సాగుతుంది. ఛాతీతో ఆపడం, తలతో కొట్టడం, ఎగిరిన బంతి వెనక పరుగులు, పొట్టిగా ఉన్న నైపుణ్యం గల పిల్లాడు పనికిరాకుండా పోవడం, అన్నీ అక్కడి నుంచి వచ్చేవే. ఇక 60 కంటే తక్కువైతే నేల మెత్తగా, బంతి చచ్చిపోయినట్టు ఉంటుంది, పిక్కలు లాగేస్తాయి.

గోల్ ముందు, మధ్యలో, అంచుల దగ్గర, ఇలా ఏడెనిమిది చోట్ల పరీక్షించండి. అన్ని చోట్లా 90 వచ్చినా పర్వాలేదు, ఆడేవాళ్లు అలవాటు పడతారు. ఒక చోట 60, ఇంకో చోట 110 వస్తే మాత్రం ఎవరూ ఆడలేరు. దొర్లుడుకి కూడా ఇలాంటిదే ఒకటి చేయండి: ఒక పీవీసీ పైపుని నిలువునా చీల్చి ఒక కొసని ఎప్పుడూ ఒకే ఎత్తులో ఆనించి, దాని మీద నుంచి బంతిని వదిలి ఎంత దూరం పోయిందో అన్ని దిక్కుల్లో కొలవండి. ఎక్కడ మెలికలు తిరిగిందో, ఎక్కడ ఎగిరిందో చూసి అక్కడ మళ్లీ సర్దండి.

ఇప్పుడు నీళ్లు. టీవీలో మ్యాచ్‌కి ముందు, హాఫ్ టైమ్‌లో స్ప్రింక్లర్లు తిరగడం చూసే ఉంటారు. పొట్టి గడ్డి మీద పల్చటి తడి ఉంటే బంతి జారుతూ వేగంగా పోతుంది, పాస్‌ల మీద ఆడే జట్లు దాన్ని కోరుకుంటాయి. అది చూసి మట్టి గ్రౌండ్ మీద మ్యాచ్‌కి అరగంట ముందు ట్యాంకర్ తిప్పకండి. పైన పల్చటి బురద పొర, కింద రాయిలాంటి నేల, పరుగెత్తేవాడు ఆగబోతే పొర ఊడి కాలు జారుతుంది, మోకాలు మెలిపడుతుంది. మట్టి నేలకి నీళ్లు ముందురోజు సాయంత్రమే పెట్టాలి.

ఎన్ని నీళ్లు అనేది కూడా లెక్కేసుకోండి. 5400 చదరపు మీటర్ల గ్రౌండ్‌ని ఒక్క మిల్లీమీటరు తడపాలంటే 5400 లీటర్లు కావాలి. అంటే 5000 లీటర్ల ట్యాంకర్ గ్రౌండ్ అంతా తిప్పితే ఒక మిల్లీమీటరు కూడా రాదు, దుమ్ము అణగడానికి సరిపోతుంది, నేల మెత్తబడదు. కాబట్టి నాలుగైదు రోజుల ముందు నుంచే మొదలుపెట్టి, ఉన్న నీళ్లని గట్టిగా ఉన్న చోట్ల, గోల్స్ ముందు, మధ్య వలయంలో ఎక్కువ పెట్టండి. ట్యాంకర్ పైపుని ఒకే చోట వదలకుండా చిల్లుల పైపు బిగించుకోండి, లేకపోతే ధార పడ్డ చోట గుంట పడుతుంది. ట్యాంకర్ టైర్లు కూడా తడి నేలలో దిగబడతాయి, పొడి వైపు నుంచి తోలించాలి.

రోలర్ ఎప్పుడు తిప్పాలో రైతుకి చెప్పక్కర్లేదు, పదును చూసే తిప్పాలి. రెండు అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిసకండి. అరచేతికి అంటుకుంటే ఇంకా ఆగాలి. ముద్ద కట్టకుండా రాలిపోతే ఆలస్యమైపోయింది, మళ్లీ తడపాలి. ముద్ద కట్టి, నడుము ఎత్తు నుంచి వదిలితే పగిలిపోయిందా, అదే పదును. ఎర్ర నేలకి సాయంత్రం నీళ్లు పెడితే తెల్లారేసరికి ఆ పదును వస్తుంది, నల్ల నేలకి ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది. అప్పుడు తేలికపాటి రోలర్‌ని పొడవుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పి ఆపేయండి. క్రికెట్ పిచ్‌కి వాడే బరువు రోలర్ తెచ్చి పూటంతా తిప్పేవాళ్లు ఉంటారు, చూడ్డానికి నున్నగా, అద్దంలా ఉంటుంది. దాని మీద బంతి వదిలి చూడండి, మీటరు దాటుతుంది. గోల్‌కీపర్ డైవ్ చేయడానికి భయపడతాడు, పడితే తుంటి ఎముక పోతుందని వాడికి తెలుసు.

గోల్ ముందు నేల

గ్రౌండ్ మొత్తంలో ఎక్కువ తొక్కుడు పడేది, ఎక్కువ గోల్స్ తేలేది ఇక్కడే, మనం తక్కువ పట్టించుకునేదీ ఇక్కడే. కీపర్ అటూ ఇటూ కదలడంతో గోల్ గీత దగ్గర పళ్లెంలా గుంట పడుతుంది, అందులో నీళ్లు నిలుస్తాయి, పడిన బంతి అక్కడే ఆగిపోతుంది. గడ్డపారతో జానెడు దూరంలో అరడుగు లోతు చిల్లులు పొడిచి, ఇసుక కలిపిన ఎర్రమట్టి పరిచి, తడిపి, దిమ్మిసతో మెల్లగా కొట్టండి. గోల్ ఏరియా 18.32 మీటర్లకి 5.5 మీటర్లు, అంటే వంద చదరపు మీటర్ల పైన కొంచెం, ఒక్కో సెంటీమీటరు మందానికి ఒక ఘనపు మీటరు మట్టి. అర ట్రాలీతో ఒక గోల్ ముందు బాగుపడుతుంది. డబ్బు తక్కువుంటే మిగతావన్నీ వదిలేసి ఇది మాత్రం చేయించండి.

గీతలు

గీతలకి పొడి సున్నం వాడొద్దని గట్టిగా చెబుతున్నాను. చెమటకో నీళ్లకో తగిలితే చర్మం కాలుతుంది, గీత మీద పడిన పిల్లాడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ముగ్గు పిండి వాడండి, లేదా నీళ్లలో కలిపిన తెల్ల డిస్టెంపర్.

ఒక పక్క గీతని ముందు పురికొసతో లాగి మేకులు కొట్టండి. మూలని సరిగ్గా గోడ మూలలా తేవడానికి ఒక వైపు 6 మీటర్లు, రెండో వైపు 8 మీటర్లు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 10 మీటర్లు వచ్చేదాకా తాడు జరపండి. నాలుగు మూలలూ అయ్యాక ఎదురెదురు మూలల మధ్య కొలవండి, 100కి 64 గ్రౌండ్‌లో రెండు వైపులా 118.73 మీటర్లు రావాలి, రెండూ సమానంగా రాకపోతే ఎక్కడో ఒరిగినట్టే. గీతల మందం 12 సెంటీమీటర్లు మించకూడదు, గోల్ గీత గోల్‌పోస్ట్ మందమే ఉండాలి.

గోల్ లోపలి అంచుల మధ్య 7.32 మీటర్లు, బార్ కింది అంచు 2.44 మీటర్ల ఎత్తు. పెనాల్టీ ఏరియాని గోల్‌పోస్ట్ లోపలి అంచు నుంచి ఇటు 16.5, అటు 16.5 మీటర్లు కొలవండి, చాలామంది గోల్ మధ్య నుంచి కొలిచి చిన్నది గీసేస్తారు. పెనాల్టీ స్పాట్ గోల్ గీత నుంచి 11 మీటర్లు. మధ్య వలయానికి, పెనాల్టీ ఏరియా మీది విల్లుకి 9.15 మీటర్ల తాడు, కార్నర్‌లో ఒక మీటరు తాడు.

పెనాల్టీ స్పాట్‌ని అందరికీ కనిపించేలా పెట్టండి, గుర్తు చెదిరినా మళ్లీ కొలవడానికి టేపు దగ్గర ఉంచుకోండి. 1977 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో డెర్బీ కౌంటీ, మాంచెస్టర్ సిటీ మ్యాచ్‌లో పెనాల్టీ వచ్చేసరికి స్పాట్ బురదలో కలిసిపోయింది, గ్రౌండ్స్‌మన్ టేపు, రంగు బకెట్ పట్టుకొచ్చి కొలిచి గుర్తు పెట్టాకే కిక్ కొట్టారు.

కదిలే గోల్‌పోస్ట్‌లు అయితే వెనక కడ్డీ మీద ఇసుక మూటలు వేయండి, లేదా నేలకి కొక్కేలతో బిగించండి. బార్ పట్టుకుని వేలాడే పిల్లల మీద గోల్ పడి ప్రాణాలు పోయిన ఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. ఇది చూడకుండా మ్యాచ్ మొదలుపెట్టొద్దు.

మ్యాచ్ రోజు

పొద్దున్నే మరోసారి నడవండి. రాత్రి కుక్కలు తవ్విన గుంటలు, ఎవరో తాగి పడేసిన సీసా పెంకులు అప్పుడే దొరుకుతాయి.

బంతిలో గాలి ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ (పంపు మీటరు మీద కనిపించే కొలత) దాకా నిబంధనలు ఒప్పుకుంటాయి. గట్టి నేల అయితే 9 దగ్గర ఉంచండి, ఎగురు తగ్గుతుంది. తడి నేల అయితే కాస్త ఎక్కువ పెట్టొచ్చు. గట్టి మట్టి మీద పొట్టి రబ్బరు బుడిపెలు ఎక్కువగా ఉన్న బూట్లు మంచివి, పొడవాటి స్టడ్స్ నేలలోకి దిగవు, వాటి మీద నిలబడితే చీలమండ ఊగిసలాడుతుంది.

రెండు జట్ల కోచ్‌లకీ గ్రౌండ్ ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఎడమ పక్క మెత్తగా ఉందనో, ఫలానా గోల్ ముందు బంతి ఎగురుతోందనో మీ జట్టుకి మాత్రమే చెప్పుకుని గెలిస్తే అందులో ఏం ఉంది?

వాన పడితే? 1974 వరల్డ్ కప్‌లో జులై 3న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పశ్చిమ జర్మనీ, పోలాండ్ మ్యాచ్‌కి ముందు కుండపోతగా కురిసింది. ఫైర్ సిబ్బంది పంపులతో, రోలర్లతో నీళ్లు తోడాక అరగంట ఆలస్యంగా మొదలుపెట్టారు, అయినా చాలా చోట్ల బంతి నీళ్లలో ఆగిపోతూనే ఉంది. పోలాండ్ బలమంతా లాటో, గాడోచా లాంటి వేగమైన ఆటగాళ్లలో ఉంది, పైగా ఫైనల్‌కి వెళ్లాలంటే గెలిచి తీరాలి. పశ్చిమ జర్మనీకి డ్రా అయినా చాలు. ఆ నీళ్లలో వేగానికి విలువ లేకుండా పోయింది, 76వ నిమిషంలో గెర్డ్ ముల్లర్ గోల్‌తో పశ్చిమ జర్మనీ 1-0తో గెలిచింది.

మీ గ్రౌండ్‌లో నీళ్లు నిలిస్తే పొడి మట్టి పోయకండి, బురద రెండింతలు అవుతుంది. గోనె సంచులతో, స్పాంజీలతో పీల్చి పిండేయండి, గడ్డపారతో చిల్లులు పొడవండి, ఆ తర్వాత ఇసుక గానీ రంపపు పొట్టు గానీ పల్చగా చల్లండి. అయ్యాక రెండు పెనాల్టీ ఏరియాల్లో బంతిని భుజం ఎత్తు నుంచి వదలండి, కింద దొర్లించండి. ఎగరకుండా అతుక్కుపోయినా, దొర్లుతూ నీళ్లలో ఆగిపోయినా రిఫరీకి చెప్పి వాయిదా వేయించండి. నిర్ణయం రిఫరీదే, కానీ ఆ నేల గురించి ఆయన కంటే మీకే ఎక్కువ తెలుసు. తడి నల్లరేగడి మీద ఆడిస్తే ఆ మడమ గుంటలు ఎండి గట్టిపడి తర్వాత నెల రోజులు వేధిస్తాయి.

మ్యాచ్ అయ్యాక తడి ఆరకముందే లేచిన గడ్డి పెళ్లలని మళ్లీ చోట్లో పెట్టి కాలితో నొక్కండి, స్టడ్స్ గుంటలని పార వెనక వైపుతో సర్దండి, గోల్స్ ముందు కాస్త మట్టి, నీళ్లు. ఆ తర్వాత మూడు నాలుగు రోజులు రెండు గోల్స్ ముందు కర్రలు పాతి తాడు కట్టేసి, షూటింగ్ ప్రాక్టీస్‌ని గ్రౌండ్ పక్కన ఖాళీలో పెట్టించండి.